జార్జ్ నాగెల్‌మాకర్స్

జార్జ్ నాగెల్‌మాకర్స్ (జూన్ 24, 1845 - జూలై 10, 1905) బెల్జియం దేశానికి చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త. ఐరోపా ఖండంలో పడక సౌకర్యం గల రైలు పెట్టెలను విస్తృతంగా నడిపిన వాగోన్ లీ సంస్థకు ఈయన వ్యవస్థాపకుడు. ఫ్రెంచి భాషలో వాగోన్ లీ అనగా పడకల పెట్టె. పారిస్ నగరాన్ని ఒట్టోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్)తో కలిపిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలు ఈయన కృషి ఫలితమే.

బాల్యం, అమెరికా యాత్ర

నాగెల్‌మాకర్స్ బెల్జియంలోని లియెజ్ నగరంలో జన్మించాడు. ఈయన కుటుంబం 18వ శతాబ్దం నుండి బ్యాంకు వ్యాపారంలో పేరుగాంచినది. యువకుడైన జార్జ్ ఇంజనీరింగు విద్య అభ్యసించాడు. వయసులో తనకంటె పెద్దదైన ఒక బంధువును ప్రేమించగా ఆమె అంగీకరించలేదు. ఆ మనోవేదన నుండి తేరుకొనుటకు కుటుంబసభ్యులు ఈయనను 1867లో అమెరికా పంపించారు.

అక్కడ జార్జ్ పుల్‌మన్ నడుపుతున్న పడకల పెట్టెలు ఈయనను ఆకర్షించాయి. దూర ప్రయాణంలో రాత్రివేళ పడుకొనే వీలుండటం ఆనాటి ఐరోపా ప్రయాణికులకు అరుదైన విషయం. అయితే పుల్‌మన్ పెట్టెలలో నడవకు ఇరుప్రక్కలా పడకలుండి, వాటికి తెరలు మాత్రమే అడ్డుగా ఉండేవి. ఐరోపా ప్రయాణికులు ఇంతకన్న ఎక్కువ ఏకాంతాన్ని కోరుకుంటారని గ్రహించిన నాగెల్‌మాకర్స్, తలుపులు గల చిన్న గదులుగా పెట్టెను విభజించాలని భావించాడు.

తొలి ప్రయత్నాలు, అవరోధాలు

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత 1870లో తన ప్రణాళికను వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అమెరికాలో లేని చిక్కు ఒకటి ఐరోపాలో ఉండేది. ఒక సుదూర మార్గం అనేక దేశాల గుండా, అనేక రైల్వే సంస్థల పట్టాల మీదుగా సాగుతుంది. సరిహద్దు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు సామానుతో సహా రైలు మారవలసి వచ్చేది. నాగెల్‌మాకర్స్ సూచించిన ఉపాయం సులభమైనది. పెట్టెలు, సేవకులు తన సంస్థవి. ఇంజను, పట్టాలు ఆయా రైల్వేలవి. మామూలు టికెట్టు సొమ్ము రైల్వేకు, పడక కొరకు చెల్లించే అదనపు రుసుము తన సంస్థకు చెందుతాయి.

అదే సంవత్సరం ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం ఆరంభం కావడంతో ఈ ప్రణాళిక నిలిచిపోయింది. యుద్ధం వలన బ్రిటన్ నుండి భారతదేశానికి వెళ్ళే టపా ఫ్రాన్సును తప్పించి, జర్మనీ, ఆస్ట్రియాల మీదుగా ఇటలీలోని బ్రిండిసి రేవుకు చేరసాగింది. అక్కడినుండి బొంబాయికి వెళ్ళేది. ఈ అవకాశాన్ని గమనించిన నాగెల్‌మాకర్స్, ఓస్టెండ్ నుండి బ్రిండిసి వరకు తన పెట్టెలను నడపదలచాడు. అయితే 1871లో ఆల్ప్స్ పర్వతాల క్రింద ఫ్రాన్సు - ఇటలీల మధ్య సొరంగం ప్రారంభమై, టపా మరల ఫ్రాన్సు మార్గానికే మళ్ళింది. ఆ విధంగా ఈ ఆశ కూడా విఫలమైనది.

సంస్థ స్థాపన

1872 అక్టోబరు 4న నాగెల్‌మాకర్స్ తన సంస్థను స్థాపించాడు. మూలధనం చాలక, 1873లో అమెరికాకు చెందిన కల్నల్ విలియం మాన్‌తో భాగస్వామ్యం చేసుకొన్నాడు. ఫలితంగా సంస్థ మాన్ పేరుతో నడిచింది. ప్రణాళిక రూపొందించిన వ్యక్తి పేరు మరుగున పడింది. 1876లో ఈయన మాన్ వాటాను కొనివేసి, డిసెంబరు 4న బ్రసెల్స్‌లో సంస్థను పునర్వ్యవస్థీకరించాడు. బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ ప్రోత్సాహం లభించడం వలన ఇతర దేశాల రైల్వేలతో ఒప్పందాలు కుదుర్చుకొనుట సులభమైనది.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్

పూర్తిగా తన పెట్టెలతోనే కూడిన రైలు నడపవచ్చునని నిరూపించుటకు 1882 అక్టోబరులో పారిస్ - వియన్నాల మధ్య ప్రయోగాత్మకంగా ఒక రైలు నడిపాడు. మరుసటి సంవత్సరం జూన్ 5న ఈ మార్గంలో సేవలు మొదలయ్యాయి. 1883 అక్టోబరు 4న, ఆహ్వానితులతో కూడిన ప్రారంభోత్సవ రైలు పారిస్ నుండి బయలుదేరింది. ఆహ్వానితులలో ఫ్రెంచి రచయిత ఎడ్మండ్ అబూ, లండన్ టైమ్స్ పత్రిక విలేఖరి ఆన్రీ ద బ్లోవిట్జ్ ఉన్నారు. వీరిద్దరూ వ్రాసిన యాత్రా గ్రంథాల వలన రైలుకు విశేష ప్రచారం లభించింది.

ఆనాడు ఇస్తాంబుల్ వరకు నేరుగా పట్టాలు లేవు. మ్యూనిక్, వియన్నా, బుడాపెస్ట్, బుకారెస్ట్ మీదుగా జుర్జు చేరిన ప్రయాణికులు, డాన్యూబ్ నదిని పడవలో దాటి, రూసే నుండి వర్నా వరకు వేరొక రైలులోను, అక్కడినుండి నల్లసముద్రంపై ఓడలోను ప్రయాణించేవారు. 1889లో బెల్‌గ్రేడ్, సోఫియాల మీదుగా మార్గం పూర్తి కావడంతో రైలు నేరుగా ఇస్తాంబుల్ చేరగలిగింది. అక్కడ సిర్కెజీ రైల్వేస్టేషను భవనం 1890లో ప్రారంభమైనది.

రైలులో భోజనశాల, వంటగది ఉండేవి. చెక్కపనితో, తోలు కుర్చీలతో పెట్టెలను అలంకరించేవారు. ఈ వైభవం సంపన్నులకు, రాయబారులకు, రాజవంశీకులకు మాత్రమే అందుబాటులో ఉండేది.

ఇతర కార్యక్రమాలు

1887లో పారిస్‌ను మాడ్రిడ్, లిస్బన్‌లతో కలిపే సూద్ ఎక్స్‌ప్రెస్, 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దిశగా వెళ్ళే నోర్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాయి. 1890 నుండి భారతదేశానికి వెళ్ళే ఓడ ప్రయాణికుల కొరకు కలే - బ్రిండిసి మార్గంలో పెనిన్సులర్ ఎక్స్‌ప్రెస్ నడిచింది. ఇరవై ఏళ్ళ క్రితం విఫలమైన బ్రిండిసి ఆలోచన ఇలా వేరొక రూపంలో సఫలమైనది. రైలు దిగిన ప్రయాణికుల బస కొరకు 1894లో హోటళ్ళ సంస్థను నెలకొల్పాడు. ఇస్తాంబుల్‌లోని పెరా పాలస్ హోటలు ఈ సంస్థ ఆధ్వర్యంలో నడిచినదే.

మరణం, అనంతర కాలం

నాగెల్‌మాకర్స్ 1905 జూలై 10న ఫ్రాన్సులో తన 60వ ఏట మరణించాడు. ఆల్ప్స్ పర్వతాలలోని సింప్లాన్ సొరంగం మరుసటి ఏడాది ప్రారంభమైనది. ఆ మార్గంలో సింప్లాన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ 1919లో మొదలైనది. మొదటి ప్రపంచయుద్ధాన్ని ముగించిన 1918 నాటి సంధిపై సంతకాలు జరిగినది ఈ సంస్థకు చెందిన 2419వ నంబరు పెట్టెలోనే. అగాథా క్రిస్టీ 1934లో వెలువరించిన అపరాధ పరిశోధన నవల వలన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పేరు ప్రపంచమంతటా వ్యాపించింది.

విమానయానం పెరిగి, ప్రయాణికులు తగ్గడంతో పారిస్ - ఇస్తాంబుల్ నేరు రైలు 1977 మేలో ఆగిపోయింది. పాత వాగోన్ లీ పెట్టెలకు మరమ్మతులు చేసి, 1982లో వెనిస్ సింప్లాన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పేరుతో ఒక ప్రైవేటు విలాస రైలును ప్రారంభించారు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పేరుతో మిగిలిన సాధారణ రైలు 2009 డిసెంబరులో రద్దయింది. దేశ సరిహద్దులలో ప్రయాణికుడు రైలు మారనవసరం లేకుండా చేయడం నాగెల్‌మాకర్స్ ఐరోపా రైలు ప్రయాణానికి చేసిన ప్రధాన సేవగా చెప్పవచ్చును.