పల్లె బోధకులను తీర్చిన బిషప్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె సంఘానికి గురువు. తల్లి ఎల్లెన్ కట్టుదిట్టమైన క్రమశిక్షణలో బిడ్డను పెంచింది. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా పుచ్చుకోలేదు. అదే వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895 నుండి పద్నాలుగేళ్లు ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదిన ఊరూరా తిరిగారు. ఈ దేశంలో సువార్త పని ఈ దేశస్థుల చేతుల మీదుగా, ఈ దేశస్థుల సొమ్ముతో జరగాలన్న తలంపు ఆ రోజులలోనే ఆయన మనసులో నాటుకున్నది. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ వెలిశాయి. రెండింటి స్థాపనలోనూ ఆయన ముఖ్యులు. తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎన్నుకున్న చోటు నిజాం రాష్ట్రంలోని డోర్నకల్. ఇతరులను పంపి తాను ఇంటి పట్టున ఉండడం సరికాదని భావించి, 1909లో కార్యదర్శి పదవి వదలి, గురుత్వాభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తోనూ పిల్లలతోనూ ఆయనే అక్కడికి తరలివచ్చారు.

డోర్నకల్ నాడు అడవి అంచున ఉన్న కుగ్రామం. భాష తెలుగు. తమిళుడైన అజరయ్య ముప్పై ఏళ్లు దాటిన తరువాత తెలుగు నేర్చి, ఆ భాషలోనే బోధించారు. పరాయి భాష నడుమ బ్రతుకు సాగించడమంటే ఏమిటో పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన పక్షాన గట్టిగా నిలిచారు. ఒక భారతీయుని చేతి క్రింద తెల్ల మిషనరీలు పనిచేయడమేమిటని గొణిగినవారు లేకపోలేదు. అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడింబరో మహాసభలో, మిషనరీలు ఈ దేశానికి తమ సొత్తును, శ్రమను ధారపోశారు గాని స్నేహాన్ని ఇవ్వడం లేదని ఆయన నిష్కర్షగా చెప్పి సభను కలవరపరచారు. పరాయివారికి చెప్పిన ఆ మాటను ఆయన తన బోధకులకు కూడా వర్తింపజేశారు. దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాని ప్రసంగం, అది ఎంత చక్కనిదైనా, కూలిజనం చెవికెక్కదు.

అధ్యక్ష మండలం కాలక్రమాన కృష్ణా, గోదావరి తీరాల వరకు విస్తరించింది. విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలీలు, అక్షరం రానివారు. పగలంతా పొలంలో ఒళ్లు వంచి వచ్చిన అటువంటి శ్రోతకు ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి? చదివి వినిపించే ప్రసంగం వారికి పనికిరాదు. పాడుకునేది, కళ్లకు కట్టేది, నలుగురూ కలిసి పలికేది కావాలి. అందుకే దేశీ బాణీలలోని కీర్తనలను, భజనలను, ఊరేగింపులను, నాటకాలను అజరయ్య ఆరాధనలోనికి, సువార్త ప్రచారంలోనికి ఆదరంగా తెచ్చారు.

బోధకుల శిక్షణలో ఆయన చూపిన ముందుచూపు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఉపదేశితో పాటు అతని భార్యకు కూడా చదువు, శిక్షణ ఇప్పించారు. పల్లెలో ఆడవారి మధ్యకు పోయి మాట్లాడవలసినది ఆమెయే. ఆమె ఇల్లు నడిపే తీరును ఊరంతా గమనిస్తుంది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను పారద్రోలడం సంఘసేవలో భాగమని ఆయన పదే పదే బోధించారు. షావుకారుకు చిక్కిన ఉపదేశి అప్పును గూర్చి ప్రసంగిస్తే ఎవరు వింటారు?

ప్రసంగించడం జీతగాని పని మాత్రమే అనుకునే సంఘం ఎదగదని ఆయన నమ్మకం. బాప్తిస్మము పొందినవారు తమ తల మీద చేయి ఉంచుకొని, సువార్త చాటుతామని ప్రమాణం చేసే ఆచారాన్ని ఆయన నెలకొల్పారు. ఏటా ఒక వారం సామాన్య విశ్వాసులు పనులు మానుకొని, గుంపులుగా చుట్టుపట్ల గ్రామాలకు వెళ్లి తమకు తెలిసినది తమ మాటలలో చెప్పి వచ్చేవారు.

అన్నిటికంటె సున్నితమైనది కానుకల విషయం. పేదలను అడగడానికి బోధకులు సంకోచిస్తారు. అడగకపోవడమే వారిని చిన్నబుచ్చడమని అజరయ్య అభిప్రాయం. కూలి గింజల రూపంలో దొరికే ఇళ్లలో నాణేల మాట ఎత్తి లాభం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసే పద్ధతిని, కోత పండుగనాడు ప్రథమ ఫలాలు తెచ్చే పద్ధతిని ఆయన ప్రోత్సహించారు. ఆ బియ్యంతో ఊరి గురువు కడుపు నిండితే అతడు ఊరివాడవుతాడు, లేకపోతే దూరదేశపు సొసైటీ నౌకరుగానే మిగిలిపోతాడు. క్రైస్తవ దాతృత్వంపై ఆయన రచించిన గ్రంథం ఇతర దేశాల సంఘాలలోనూ చదవబడింది.

ఆయన సాధించలేనివీ ఉన్నాయి. మాల, మాదిగ విశ్వాసుల మధ్య అంతరం బల్ల యొద్దకు వచ్చినా పూర్తిగా తొలగలేదు. మతాంతరం విషయమై 1930లలో గాంధీజీకి, ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయం కలిగింది. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించినవారిలో అజరయ్య కూడా ఒకరు.

దేవాలయ స్తంభాల పోకడ, మసీదు గుమ్మటాల పోకడ కలిపి కట్టించిన డోర్నకల్ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సంఘాల ఐక్యతకు ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు డోర్నకల్ దాని మండలాలలో ఒకటైంది.