బొమ్మా? బొరుసా? డొనాల్డ్ డక్ కథల కార్ల్ బార్క్స్

1990లలో ఆదివారం దూరదర్శన్‌లో డక్‌టేల్స్ చూసిన పేరెంట్స్‌కి నాణేల గుట్టలో ఈత కొట్టే అంకుల్ స్క్రూజ్ గుర్తుండే ఉంటాడు. ఆ పాత్రను సృష్టించింది కార్ల్ బార్క్స్. చాలా ఏళ్లపాటు అమెరికాలో పాఠకులకు కూడా ఆయన పేరు తెలియదు, ఎందుకంటే కామిక్ మీద డిస్నీ పేరొక్కటే ఉండేది. పేరు తెలియని పిల్లలు ఆయన్ని బాతుల్ని బాగా గీసే ఆర్టిస్ట్ అని పిలుచుకునేవారు.

బార్క్స్ 1901లో ఆరెగాన్ రాష్ట్రంలో, మెరిల్ అనే ఊరి దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ చెవులు సరిగా వినిపించవు. హైస్కూల్ దూరం, క్లాసులో టీచర్ చెప్పేది వినబడదు. దాంతో ఎనిమిదో తరగతితోనే చదువు ఆగిపోయింది. తర్వాత పొలం పని, కట్టెలు కొట్టడం, ప్రింటింగ్ ప్రెస్, రైల్వే వర్క్‌షాప్... చేయని పని లేదు. డ్రాయింగ్ మాత్రం ఒక పోస్టల్ కోర్సులో కొన్ని పాఠాలు నేర్చుకున్నారు, అంతే. మిగతాదంతా సొంత ప్రాక్టీసే.

1935లో, ఒక పత్రికలో ఎడిటర్‌గా ఉన్న ఉద్యోగం వదిలేసి, వారానికి 20 డాలర్ల జీతానికి డిస్నీ స్టూడియోలో ట్రైనీగా చేరారు. అప్పటికి వయసు 34. ఏడేళ్ల తర్వాత అదీ వదిలేసి కోళ్ల ఫారం పెట్టుకుని, ఇంటి దగ్గరే కామిక్స్ గీయడం మొదలుపెట్టారు. రెండు నిర్ణయాలూ బయటివాళ్లకి పిచ్చిగానే కనిపించి ఉండాలి!

ఇలాంటి మనిషి 1953లో నిర్ణయాల మీదే ఒక పది పేజీల కథ రాశారు. బ్యాటీ అనే ప్రొఫెసర్ డొనాల్డ్ డక్‌కి ఫ్లిపిజం అనే కొత్త సిద్ధాంతం చెబుతాడు: జీవితంలో ఏ నిర్ణయమైనా నాణెం ఎగరేసి తీసుకోవాలి. డొనాల్డ్ డాలర్ కట్టి మెంబర్ అయిపోతాడు. మేనల్లుళ్లని కారెక్కించుకుని, రోడ్డు చీలిన ప్రతిచోటా టాస్ వేస్తాడు. చివరికి వన్‌వేలో ఎదురు వెళ్లి కోర్టు బోనెక్కుతాడు. జడ్జి 50 డాలర్ల ఫైన్ వేస్తాడు. రాంగ్ రూట్‌లో వెళ్లినందుకు కాదు, తను ఆలోచించాల్సింది నాణేనికి అప్పజెప్పినందుకు! తర్వాత డొనాల్డ్ కోపంగా ఆ ప్రొఫెసర్‌ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ముగింపు నేను చెప్పను, దొరికితే పిల్లలతో కలిసి చదవండి.

ఎంపీసీయా బైపీసీయా అని టాస్ వేసుకునే పిల్లలు మా టెన్త్ క్లాసుల్లోనూ ఉన్నారు. నవ్వుతూనే వేస్తారు. కానీ రెండు వైపులా ఇంట్లోవాళ్లు లాగుతుంటే, తమని అడిగేవాళ్లు లేకపోతే, నాణెమే నయమనిపిస్తుంది వాళ్లకి. డొనాల్డ్‌కి కనీసం ఆ ఒత్తిడి లేదు.

అదృష్టం అంటే బార్క్స్‌కి ఎప్పుడూ కొంచెం అనుమానమే అనిపిస్తుంది నాకు. 1948లో ఆయన సృష్టించిన గ్లాడ్‌స్టోన్ అనే బాతు ఏ పనీ చేయడు, అన్నీ కలిసొస్తాయి. అయినా పాఠకుల ప్రేమంతా కష్టపడి ఓడిపోయే డొనాల్డ్ మీదే.

1960లో కొందరు అభిమానులు ఆయన పేరు కనిపెట్టి ఉత్తరాలు రాశారు. 1966లో రిటైరయ్యారు. ఆ తర్వాత అవే బాతుల్ని డిస్నీ అనుమతితో ఆయిల్ పెయింటింగ్స్‌గా వేశారు. 2000 ఆగస్టులో, 99 ఏళ్ల వయసులో, తను పుట్టిన ఆరెగాన్‌లోనే కన్నుమూశారు.