హద్దు తెలిసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో అకరణీయ ప్రమేయం, దాని ప్రదేశం అన్న మాటలు వినిపిస్తుంటాయి. హారాన్ని సున్న చేసే సంఖ్యలను ముందే తీసివేయాలి, మిగిలినవే లెక్కకు పనికివస్తాయి. పాఠం ఇంతే. మనం బీజగణితానికి పునాది వేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీని తలచుకోవడానికి ఇది మంచి సందర్భం.

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఖలీఫా మామూన్ (813-833) పాలనలో బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. భారతీయ అంకెల గురించి, ఖగోళం గురించి, భూగోళం గురించి గ్రంథాలు రాశారు. అల్గారిథం అన్న మాట ఆయన పేరు నుంచే పుట్టింది. 850 ప్రాంతంలో పరమపదించారు.

ఆయన 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా'లో ఒక లెక్క ఉంది. పదిని రెండు భాగాలు చేయాలి. మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మొదటిదానితో భాగించి కలిపితే రెండూ ఆరోవంతు రావాలి. ఒక భాగం సున్న అయితే భాగహారమే కుదరదు. భాగాలు అన్నప్పుడే ఆ హద్దు ఏర్పడిపోయింది. గుర్తులేవీ లేకుండా, మాటలతోనే ఆయన ఆ భిన్నాలను విడదీశారు. వర్గానికి 24 కలిపితే పది మూలాలకు సమానం అని తేల్చారు. పదిలో సగం 5, దాని వర్గం 25. అందులోంచి 24 తీస్తే 1. కనుక భాగాలు 4, 6.

మాకు ముఖ్యంగా తోచేది దీని తర్వాతి మాట. ఇలాంటి లెక్కలో ఆ 24 స్థానంలో 25 కంటే పెద్ద సంఖ్య ఉంటే ఏమిటి? అది అసాధ్యమని ఆయన నియమంగానే రాశారు. సమానమైతే సగమే జవాబు. ప్రమేయం అన్న ఊహ అప్పటికి లేదు. అయినా లెక్క ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ముందే చూసుకోవాలన్న జాగ్రత్త ఉంది.

ఈ జాగ్రత్త ఎందుకంటే, పుస్తకంలో దాదాపు సగం వసీయత్, వారసత్వ లెక్కలే. సూరె నిసాలోని వాటాలు, అప్పులు తీర్చిన ఆస్తిలో మూడోవంతు దాటకూడని వసీయత్ - పొరపాటు జరిగితే నష్టపోయేది వితంతువు, అనాథ. ఆడపిల్ల వాటాను లెక్కలోకే తీసుకోని ఇళ్లు మనలో ఇప్పటికీ ఉన్నాయి, అది వేరే బాధ.

1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. సమీకరణాలను తీసుకుని, వారసత్వ భాగాన్ని వదిలేశాడు.