మాండలిన్ శ్రీనివాస్: తీగ పొడవు 14 అంగుళాలే.. అందులోనే పాత కచేరీ నాదం పలికించిన పాలకొల్లు కుర్రాడు

పాత పాటల సౌండ్ కావాలంటే ఎలక్ట్రిక్ గిటార్ పొట్టిది కొనాలా, పొడుగుది కొనాలా? పలాస, టెక్కలి ఆర్కెస్ట్రా కుర్రాళ్ల దగ్గర్నుంచి హైదరాబాద్ బ్యాండ్ల దాకా షాపులో ఆగిపోయేది ఇక్కడే. ఫెండర్ ముస్తాంగ్‌లో మోగే తీగ పొడవు 24 అంగుళాలు. అదే కంపెనీ స్ట్రాటోకాస్టర్‌లో 25.5. ఒకే శ్రుతికి బిగిస్తే పొట్టిదాంట్లో తీగ కాస్త మెత్తగా ఉంటుంది, వేలితో లాగడం సులువు. పొడుగుదాంట్లో బిగువు ఎక్కువ, మోత ఖంగుమంటుంది. ఒకటిన్నర అంగుళానికే ఇంత తర్జనభర్జన! మరి తీగ పొడవే 14 అంగుళాల దగ్గర ఆగిపోతే?

ఉప్పలపు శ్రీనివాస్‌కు ఎదురైంది అదే. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ వాయించే మాండలిన్‌ను ఆరేళ్లప్పుడే చేతిలోకి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు.. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. విచిత్రం ఏంటంటే, ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద వెతుక్కునేవాడు. అంటే నేర్చుకున్నది వాయిద్యం కాదు, గొంతు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే టింగుమని మోగి ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికేమో గమకమే ప్రాణం. స్వరం ఊగాలి, పక్క స్వరంలోకి జారాలి. వీణకైతే పొడుగాటి తీగ, పక్కకు లాగితే పలికేస్తుంది. ఇక్కడ మెట్లు ఇరుకు. పైగా జత తీగల్ని కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతిలో నిలవడం కష్టం.

పొడుగు మెడ ఉన్న గిటార్‌కు మారిపోతే సగం బాధ తీరేది. ఆయన మారలేదు, మాండలిన్‌నే మార్చేశారు. జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఎలక్ట్రిక్ పికప్ తోడైంది. తీగలో మిగిలిన చిన్న కంపనం కూడా యాంప్లిఫయర్‌కు అందుతుంది కాబట్టి, నాదం ఆరేలోగా వేలు జారించే టైమ్ దొరుకుతుంది. మిగతాదంతా వేళ్ల పనే, అది ఏ షాపులోనూ దొరకదు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1981లో మద్రాసు, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. వయసు 12. పాశ్చాత్య వాయిద్యం, అందులోనూ కరెంటుది, దాని మీద త్యాగరాజ కృతులేంటని పెదవి విరిచినవాళ్లున్నారు. వయొలిన్ కూడా అక్కడి నుంచే వచ్చిందన్న సంగతి అప్పటికే అందరూ మర్చిపోయారు మరి! ఆ సణుగుడుకు జవాబు కచేరీల్లోనే వచ్చింది. కళ్లు మూసుకుని వింటే గాత్ర కచేరీ బాణీయే వినిపించేది.

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. 1995లో కెనడా గిటారిస్ట్ మైఖేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ ఆల్బమ్. ఆ తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల రిమెంబర్ శక్తి బృందం. అక్కడ మెక్‌లాఫ్లిన్ పెద్ద గిటార్ పక్కనే ఈ బుల్లి మాండలిన్.. సవాల్-జవాబ్‌లో ఎక్కడా తగ్గేది కాదు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

కాలేయ మార్పిడి తర్వాత ఆరోగ్యం విషమించి 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లే.