యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 9, 1948) వైద్య, జీవరసాయన శాస్త్రాలలో విశేష కృషి చేసిన తెలుగు శాస్త్రవేత్త. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలిపిన పరిశోధనలలోను, ఫోలిక్ ఆమ్లం తయారీలోను, బోదకాలు, రక్తకేన్సరు వ్యాధుల మందులను కనుగొనటంలోను ఈయనది ప్రధాన పాత్ర. సుమారు పాతికేళ్ళు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పనిచేసినప్పటికీ, అందులో అత్యధిక కాలం కేవలం జాతి కారణంగా ఆ దేశ పౌరసత్వానికి చట్టరీత్యా అనర్హుడుగా ఉన్నాడు. అమెరికాలో జాతివివక్ష చట్టరూపంలో ఎలా ఉండేదో, చట్టం మారిన తరువాత ఏ రూపంలో మిగిలిందో అర్థం చేసుకోవటానికి ఈయన జీవితచరిత్ర ఉపకరిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. రాజమండ్రిలో మొదలైన పాఠశాల చదువు మద్రాసు హిందూ హైస్కూలులో ముగిసింది. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడు కాలేదు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి వైద్యవిద్యకు ధనసహాయం చేశాడు.

గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళేవాడు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం కలిగించింది. పర్యవసానంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం దొరకక మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించటం ఆయనను కలచివేసింది. వారిలో పురుషోత్తంను బలిగొన్నది సంగ్రహణి వ్యాధి.

అమెరికా ప్రయాణం, నాటి చట్టాలు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సహాయంతో సుబ్బారావు 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశించాడు. భార్యను స్వదేశంలో విడిచి వెళ్ళిన ఆయన మరల తిరిగి రాలేదు. భారతీయ వైద్యపట్టాతో అక్కడ వైద్యునిగా ఉద్యోగం దొరకలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనిచేస్తూ చదువు సాగించాడు.

ఆనాటి అమెరికా చట్టాలను ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో తెల్లజాతివారికి మాత్రమే పౌరసత్వం లభించేది. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా ఆ హక్కు కల్పించారు. అయినా దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి పిల్లలకు వేరే పాఠశాలలు, ప్రయాణీకులకు వేరే రైలుపెట్టెలు 20వ శతాబ్దం మధ్యకాలం వరకు కొనసాగాయి. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధికభాగం నుండి వలసలను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు పౌరసత్వం కోరగా, 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు తెల్లజాతివారు కారని తీర్పు చెప్పింది. థిండ్ తాను అగ్రకులానికి చెందిన ఆర్యుడనని వాదించటం గమనార్హం. వర్ణభేదాన్ని ఎదుర్కోవటానికి కులభేదాన్ని ఆధారం చేసుకున్న ఆ వాదం నెగ్గలేదు. తీర్పు తరువాత అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వం కూడా రద్దయింది. వారిలో ఒకరైన వైష్ణోదాస్ బాగాయి 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

హార్వర్డులో పరిశోధనలు

జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్క్ - సుబ్బారావు పద్ధతిగా పేరుపొందింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వీరు కండరాలలో గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. కండరాల శక్తికి మూలం గురించి 1922లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్ని ఈ ఫలితాలు మార్చివేశాయి.

1930లో సుబ్బారావు పిహెచ్.డి. పొందాడు. కాని హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అప్పట్లో అదే విభాగంలో విద్యార్థి. సుబ్బారావు కృషిలో కొంతభాగం ఫిస్క్ అసూయ వలన వెలుగు చూడలేదని, ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని హిచింగ్స్ పేర్కొన్నాడు. దీనినంతటినీ వర్ణవివక్షకే ఆపాదించటం సరికాదు. సుబ్బారావు స్వతహాగా ప్రచారానికి దూరంగా ఉండేవాడు. అయితే పౌరసత్వం పొందే అర్హతే లేని ఒక విదేశీయుడు తన అధికారిని ఎదిరించి న్యాయం కోరగల స్థితిలో లేడు.

లెడర్లీ సంస్థలో

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొంతకాలానికే పరిశోధనల డైరెక్టరు అయ్యాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. తన సోదరుని బలిగొన్న సంగ్రహణికి ఇది ఔషధమైంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, వారిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948లో వెల్లడించాడు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మొదటి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న కాలంలోనే.

బోదకాలుకు వాడే డై ఇథైల్ కార్బమజైన్ ఈ ప్రయోగశాలలోనే రూపొందింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాతో సహా బోదకాలు వ్యాపించిన తెలుగు జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలు ఇవే.

పౌరసత్వం, మరణం

1946 జూలైలో అమలులోకి వచ్చిన లూస్ - సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించింది. అయితే భారతదేశం నుండి ఏడాదికి 100 మంది మాత్రమే వలస వెళ్ళేందుకు అనుమతించింది. హక్కు లభించినా సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. 1948 ఆగస్టు 9న, 53 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో మరణించాడు.

తరువాతి కాలం

జాతీయతను బట్టి వలసలకు విధించిన కోటాలను 1965 చట్టం తొలగించింది. ఆ తరువాతనే తెలుగువారు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్ళగలిగారు. కాని చట్టంతో పాటు దురభిప్రాయాలు తొలగిపోలేదు. 2013లో తెలుగు సంతతికి చెందిన నీనా దావులూరి మిస్ అమెరికాగా ఎంపికైనప్పుడు ఆమె జాతిని కించపరిచే వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో, హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక తెలుగు ఇంజనీరు జాతివిద్వేషానికి బలయ్యాడు. హంతకుని అడ్డుకోబోయిన అమెరికన్ యువకుడు కూడా తూటా గాయానికి గురయ్యాడు.

గుర్తింపు

ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారావు గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది. పౌరసత్వ నిషేధాన్ని ఒక చట్టంతో రద్దు చేయగలిగారు. పరిశోధనా ఫలితాలలో దక్కవలసిన వాటాను తిరిగి ఇప్పించే చట్టం మాత్రం లేదు. ఆ పని చరిత్రకారులు, పాఠ్యపుస్తక రచయితలు చేయవలసినదిగానే మిగిలింది.