సర్ ఆర్చిబాల్డ్ గారడ్

శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరు అడిగే ప్రశ్నలలో ఒకటి వింతగా తోస్తుంది. రక్తసంబంధీకులలో ఎవరికైనా మత్తు వికటించినదా అని ఆయన అడుగుతారు. పినతండ్రికి ఎన్నడో ఇచ్చిన మత్తుతో మాకేమి పని అని మేమూ ఒకప్పుడు విసుగుకొన్నవారమే. ఆ ప్రశ్న వెనుకనున్న ఆలోచన గారడ్ మహాశయునిది.

ఆయన 1857లో లండన్‌లో జన్మించారు. తండ్రి ఆల్ఫ్రెడ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని కనుగొన్న వైద్యుడు. కనుక రసాయనశాస్త్రం కుమారునికి ఇంటివిద్యయే.

ఆల్కాప్టన్యూరియా గల ఒక పసివాని పొత్తిగుడ్డలు మూత్రం తగిలి నల్లబడేవి. ఇది ప్రేగులలోని సూక్ష్మజీవుల పని అని నాటి వైద్యుల నమ్మకం. 1901లో ఆ తల్లి మరల గర్భవతి అయినది. పుట్టబోయే బిడ్డ గుడ్డలను తొలి గంటనుండి గమనించే ఏర్పాటు చేయించారు గారడ్. 52 గంటలకే నల్లని మరక పడినది! అయితే ఇది అంటిన జబ్బు కాదు, పుట్టుకతో వచ్చినది. ఆ దంపతులు ఒకే తాత అవ్వల మనుమలు. మేనరికాలు వాడుకగా గల మన ఇళ్ళకు ఇది దూరపు సంగతి కాదు.

బేట్సన్ సూచనతో గారడ్ దీనిని మెండెల్ సూత్రాలతో కలిపి 1902లో ప్రకటించారు. రూపంలో వలెనే దేహరసాయనంలోనూ ఏ ఇద్దరూ ఒకటి కారని ఆయన సిద్ధాంతం. 1909లో గ్రంథం వెలువడినది. వైద్యులు గౌరవించారు, పక్కన పెట్టారు.

ముగ్గురు కుమారులలో ఇద్దరిని మొదటి ప్రపంచయుద్ధం, మూడవవానిని 1919లో ఇన్‌ఫ్లుయెంజా బలిగొన్నవి. వంశానుగతాన్ని శోధించిన వానికి ఎంత క్రూరమైన విధి! ఆ దుఃఖంతోనే 1920లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవి స్వీకరించారు. మిగిలిన కుమార్తె డొరొతీ పురావస్తుశాస్త్రవేత్త. ఆమె 1939లో కేంబ్రిడ్జి తొలి మహిళా ప్రొఫెసరు అయినది. తండ్రి 1936లోనే గతించారు.

1951 నుండి మత్తుతోపాటు కండరాలు సడలుటకై సక్సామెథోనియం వాడుకలోకి వచ్చినది. కొద్ది నిమిషాలలో తీరవలసిన దాని ప్రభావం కొందరిలో గంటలకొద్దీ నిలిచి, ఊపిరి ఆడలేదు. దానిని విరిచే ఎంజైమ్ వారికి పుట్టుకతోనే లోపించినది. దక్షిణాది వైశ్యులలో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును గుర్తించిన పరిశోధన 2006లో వెలువడినది. పోర్ఫిరియా గలవారికి థయోపెంటోన్ కూడ ప్రమాదకరమే. ముందుగా తెలిసినచో వైద్యుడు వేరొక మందు ఎన్నుకొంటాడు. తెలియనిచో, మందు ప్రభావం తీరేవరకు యంత్రంతో ఊపిరి అందిస్తూ రోగి ప్రక్కనే కనిపెట్టుకొని ఉంటాడు.