ఊపిరికి కావలి - డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

పెద్దవారు గుర్రుపెట్టి నిద్రిస్తుంటే, ఆదమరచి నిద్రపోతున్నారని ఇంట్లోవారు సంతోషించటం కద్దు. పాల్మాకులలో మా నాయన గుర్రు వీధి అరుగు దాకా వినవచ్చేది. నడుమ నడుమ అది హఠాత్తుగా ఆగిపోయేది. ఇల్లంతా నిశ్శబ్దం. అంతలో ఉక్కిరిబిక్కిరియైనట్లు ఒక పెద్ద ఎగశ్వాస, మరల గుర్రు. ఆ నిశ్శబ్దంలో ఆగుతున్నది గుర్రు మాత్రమే కాదు, ఊపిరి కూడానని మా అమ్మకు తప్ప ఎవరికీ తోచలేదు. ఆమె లేచి ఆయనను ఒక పక్కకు ఒత్తిగిల్లజేసేది.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. వెల్లకిల పడుకొన్న కొందరిలో నాలుక వెనుకకు జారి గాలిదారిని మూసివేస్తుంది. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని కొంచెం మేల్కొలుపుతుంది, దారి తెరుచుకొంటుంది. రాత్రి పొడుగునా ఇదే తంతు. దీనినే స్లీప్ ఆప్నియా అంటున్నారు. సహజనిద్రలో మనిషిని కాపాడటానికి ఆ ఉలికిపాటైనా ఉన్నది. మత్తుమందు తెచ్చిపెట్టిన నిద్రలో అదీ ఉండదు. ఎవరో ఒకరు పక్కన నిలిచి ఆ ఊపిరికి కావలి కాయవలసిందే. ఈ ఒక్క మాటను లోకం చేత ఒప్పించటానికై హైదరాబాదు నగరంలో కూర్చుండి ఇంగ్లండు వైద్యులతో పోరు సాగించిన వాడు ఎడ్వర్డ్ లారీ.

తరగతిలో ఈ పేరు చెప్పగానే వెనుక బల్లల పిల్లలు నవ్వుతారు. మా ఊరి మీదుగా బెంగుళూరు బాటన రేయింబవళ్ళు పోయే లారీలు తప్ప వారికి మరొక లారీ తెలియదు. వారిని తప్పుపట్టి లాభమేమి? ఆయన గడిపిన నగరమే ఆయనను దాదాపు మరచిపోయింది.

లారీ 1846లో జన్మించాడు. నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదు వైద్యపాఠశాల వెలసినది కూడా ఆ ఏటనే. ఎడింబరోలో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద ఆయన శిష్యరికం చేశాడు. ఆ నగరంలోనే 1847 నవంబరులో సింప్సన్ క్లోరోఫారం మత్తును వైద్యలోకానికి పరిచయం చేశాడు. మూడు నెలలైనా తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే ప్రాణం విడిచింది. అటుపిమ్మట అలాంటి మరణాలు మరెన్నో. కారణమేమిటన్న ప్రశ్నపై వైద్యులు రెండుగా చీలారు. మందు గుండెను ఆపివేస్తుంది కనుక నాడి మీద వ్రేలు ఉంచవలెనని లండను పక్షం. ముందు ఆగేది ఊపిరి కనుక దానినే చూడవలెనని సైమ్ పక్షం. గురువుగారి మాటను లారీ వేదవాక్కుగా స్వీకరించాడు. ఆయన బలమూ బలహీనతా కూడా ఇందులోనే ఉన్నవి.

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరులో శస్త్రచికిత్స బోధించి, 1885లో ఆయన రెసిడెన్సీ సర్జనుగా, వైద్యపాఠశాల అధిపతిగా హైదరాబాదు వచ్చాడు. అంతవరకు ఉర్దూలో సాగిన వైద్యబోధన ఆయన చేతిమీదుగా ఇంగ్లీషులోకి మారింది. అది మేలో కీడో తేల్చటం నాబోటి తెలుగు పంతులుకు సులభం కాదు. ఆడపిల్లలకు ఆ పాఠశాల తలుపులు తెరవటం మాత్రం నిస్సంశయంగా మేలే. అలా చేరినవారిలో ఒకరైన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూన్జీ 1889లో పట్టా పుచ్చుకొని, మత్తుమందు ఇచ్చే వైద్యంలో దేశానికే తొలి తరపు స్త్రీగా పేరుపొందినది.

1888లో లారీ ప్రోద్బలంతో మొదటి హైదరాబాదు క్లోరోఫారం సంఘం ఏర్పడింది. శతాధికంగా వీధికుక్కలకు మత్తు ఇచ్చి చూశారు. ప్రతిసారీ ఊపిరి ముందాగింది, గుండె తరువాత ఆగింది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు లారీ చేసిన పని సామాన్యమైనది కాదు. మీకు నమ్మకమైన మనిషిని మీరే పంపండి, మా కళ్ళయెదుటనే పరీక్షించనీయండి అని ఆ పత్రికకు ఆహ్వానం పంపించాడు. ఖర్చులకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌండ్లు ఇచ్చాడు. తనను తప్పుపట్టిన వానినే పిలిచి న్యాయాధిపతిగా కూర్చుండబెట్టే సాహసం ఎందరు పండితులకు ఉంటుంది?

అలా వచ్చినవాడు లాడర్ బ్రంటన్. మందులు దేహంపై పనిచేసే తీరులో ఆనాటి గొప్ప నిపుణుడు, గుండె ప్రమాదాన్ని నమ్మినవాడు. 1889 చివరి నెలల్లో లారీ అధ్యక్షతన బ్రంటన్, బోంఫర్డ్, రుస్తుంజీ హకీం కలిసి పరిశోధన సాగించారు. కుక్కలు, కోతులు మొదలైన ప్రాణులు ఐదు వందలకు పైగా ఈ పరీక్షలకు బలియైనవి. మనుష్యుల మేలుకోసం జరిగినదే అయినా, ఆ లెక్క చదివినప్పుడు మనస్సు చివుక్కుమనక మానదు. వందకు పైగా ప్రయోగాలలో రక్తపుపోటును యంత్రం చేత గీతలుగా గీయించి భద్రపరచారు. ప్రమాదం ఊపిరాడకపోవటం వల్లా మందు మితిమీరటం వల్లా వస్తున్నదే గాని గుండెమీద నేరుగా కాదని బ్రంటన్ డిసెంబరులో లాన్సెట్‌కు తంతి పంపించాడు. వచ్చిన సాక్షి పక్షం మారింది. మరుసటి ఏట వెలువడిన నివేదికతో హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యపత్రికలన్నింటికీ ఎక్కింది.

ఆ నివేదికలోని ఆచరణసూత్రాలు నేటికీ చదువదగినవి. రోగిని వెల్లకిల పరుండబెట్టాలి. మెడవద్ద, రొమ్మువద్ద బిగువుగా ఉన్న బట్టలు వదులు చేయాలి. మందు ఇచ్చేవాడు ఊపిరిని తప్ప మరిదేనినీ గుర్తుగా పెట్టుకోరాదు. ఊపిరికి అడ్డు తగిలినదా, దవడ మూలల వెనుక వ్రేళ్ళుంచి, క్రింది పళ్ళు పై పళ్ళకు ముందుగా వచ్చేటట్లు దవడను ముందుకు నెట్టాలి. అంతట స్వరపేటిక మీది మూత పైకి లేచి దారి తెరుచుకొంటుంది. అప్పటికీ ఊపిరి ఆగితే తక్షణమే కృత్రిమశ్వాస. స్పృహ తప్పగానే మందు తొలగించాలి.

ఇక్కడితో కథ ముగిస్తే లారీకి జయజయధ్వానాలే. కాని శాస్త్రం అంత తేలికగా ఎవరినీ విడిచిపెట్టదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు క్లోరోఫారం గుండెను నేరుగా క్రుంగదీస్తుందని చూపారు. లారీ చలించలేదు. వేలాది మందికి తానిచ్చిన మత్తును సాక్ష్యంగా చూపి వాదిస్తూనే వచ్చాడు. మలేరియా సంగతిలోనూ ఆయనది ఇదే ధోరణి. లావెరాన్ కనుగొన్న మలేరియా క్రిమిని నమ్మక వాదానికి దిగాడు. ఆయన ఉన్న నగరం పొరుగుననే, సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమి జాడను కనుగొన్నాడు. ఒకప్పుడు విమర్శకుని ఇంటికి పిలిచిన మనిషేనా ఈయన అనిపిస్తుంది.

1901లో ఉద్యోగ విరమణ చేసి లారీ స్వదేశం చేరాడు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరిశోధించి, తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉద్రేకం కలిగితే గుండె కొట్టుకొనే లయ తప్పి, వణకి, ఒక్కసారిగా ఆగగలదని నిరూపించాడు. లండను పక్షం మాటలో కూడా సత్యమున్నదని తేలింది. లారీ 1915లో మరణించాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి అంతకుముందే 1908 మూసీ వరదలో ధ్వంసమైపోయింది. ఉస్మానియా ఆస్పత్రి దాని వారసురాలు.

క్లోరోఫారం నేడు శస్త్రచికిత్సా గదులలో లేదు. దవడ ముందుకు నెట్టే ఆ పట్టు మాత్రం ప్రతి వైద్యవిద్యార్థీ నేర్వవలసిందే. నిద్రలో ఊపిరి ఆగే వారికి రాత్రివేళ క్రింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ళ తొడుగులు వచ్చినవి. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరచి ఉంచే యంత్రాన్ని వెల్లడించాడు. అది మా పల్లెల దాకా వచ్చేసరికి మా నాయన లేరు.

ఈనాడు శస్త్రచికిత్స జరిగే బల్ల దగ్గర రోగి తలవైపు ఒక తెర వెలుగుతూ ఉంటుంది. అందులో ఒక గీత గుండెది, మరొక గీత ఊపిరిది. మత్తు వైద్యుడు ఆ రెండింటినీ చూస్తూ ఉంటాడు.